మారుత్‌ ఆగిపోవడానికి కారణం ఇంజన్‌ కొరత ఒక్కటే కాదు

ఎడిటర్‌ గారికి,

నమస్కారం. తేజస్‌ ఇంజన్ల ఆలస్యం మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో మన దేశంలోనే తయారైన జెట్‌ యుద్ధ విమానం హెచ్‌ఎఫ్‌-24 మారుత్‌ ప్రస్తావన ఒక్క వాక్యంలో ముగిసింది. సరైన ఇంజన్‌ దొరకలేదు, కాబట్టి ఆ విమానం మూలనపడిందని రాశారు. ఈ మాట అందరూ అనేదే, అబద్ధమూ కాదు. కానీ సగమే నిజం. ఇంజన్‌ ఎందుకు దొరకలేదో, దొరికినవి ఎందుకు ఇమడలేదో చెప్పకుండా వదిలేస్తే, మన ఇంజనీర్లకు చేతకాలేదన్న అర్థం మిగిలిపోతుంది. 1971 యుద్ధంలో ఎడారి మీద తన పని తాను చేసి చూపించిన విమానం అది. దాని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు వైమానిక దళం ఏం అడిగిందో చూడండి. ధ్వనికి రెండింతల వేగం కావాలి. 60,000 అడుగుల ఎత్తుకు ఎక్కాలి. స్థావరం నుంచి 800 కిలోమీటర్ల దూరం వెళ్లి, యుద్ధం చేసి, తిరిగి రావాలి. శత్రు విమానాల్ని అడ్డుకోవాలి, నేల మీది లక్ష్యాలనూ కొట్టాలి. 1950ల మధ్యలో ఇన్నీ ఒకే విమానంలో ఉండాలనడం ఏ దేశానికైనా పెద్ద కోరికే. బెంగళూరులోని విమానాల తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌ అప్పటిదాకా సొంతంగా తయారుచేసినవి శిక్షణ విమానాల స్థాయివి. ఈ పని కోసం 1956లో కుర్ట్‌ టాంక్‌ను పిలిపించారు. రెండో ప్రపంచయుద్ధంలో ఫోక్‌-వుల్ఫ్‌ 190 రూపొందించిన జర్మన్‌ ఇంజనీరు ఆయన. యుద్ధం తర్వాత అర్జెంటీనాలో పుల్కీ-2 అనే జెట్‌ మీద పనిచేసి, అక్కడ పని ఆగిపోయాక ఇక్కడికి వచ్చారు.

వాళ్లు పని మొదలుపెట్టిన తీరు ముచ్చటగా ఉంటుంది. అసలు విమానం ఎంత కొలతో అంతే కొలతలో, చెక్కతో, ఇంజన్‌ లేని గ్లైడర్‌ ఒకటి చేశారు. దాన్ని డకోటా విమానానికి తాడుతో కట్టి పైకి లాక్కెళ్లి వదిలేవాళ్లు. 1959లో మొదలుపెట్టి 78 సార్లు అలా ఎగరేశారు. రెక్క వెనక్కి వాలిన కోణం, తోక పట్టు, దిగేటప్పుడు ప్రవర్తన, ఫ్లాప్స్‌, ఎయిర్‌బ్రేకుల పనితీరు, అన్నీ ఇంజన్‌ పెట్టకముందే చేతికి తెలిశాయి. అసలు విమానం 1961 జూన్‌ 17న పరీక్షా పైలట్‌ సురంజన్‌ దాస్‌ చేతుల మీదుగా ఎగిరింది. రూపురేఖల్లో ఎక్కడా తడబాటు లేదు. నడుము దగ్గర సన్నబడిన బాడీ, పక్కల గాలి తీసుకునే నోళ్లలో అరశంకువులు, అన్నీ ధ్వనికి రెండింతల వేగాన్ని మనసులో పెట్టుకుని గీసినవే. ఆ గీతలకు తగిన బలమే వెనకాల లేకపోయింది.

ఆ బలం సంగతికి వద్దాం. మొదటి మారుత్‌లో పక్కపక్కనే రెండు ఆర్ఫియస్‌ 703 ఇంజన్లు పెట్టారు. ఆర్ఫియస్‌ చాలా సాదా ఇంజన్‌, అందులోనే దాని గొప్పతనం ఉంది. ముందు గాలిని నొక్కే ఏడు వరసల కంప్రెసర్‌, వెనక మండిన వాయువుతో తిరిగే ఒకే వరస టర్బైన్‌. ఈ రెంటినీ కలిపే షాఫ్ట్‌ సన్నని కడ్డీ కాదు, పలుచని గోడల పెద్ద గొట్టం. సన్నటి షాఫ్ట్‌ అయితే తిరిగేటప్పుడు మధ్యలో వంగి ఊగుతుంది కాబట్టి అక్కడో మూడో బేరింగ్‌ కావాలి. ఇది లావు గొట్టం గనక వంగదు. అటొకటి ఇటొకటి రెండే బేరింగులు చాలు. ఒక బేరింగ్‌ తీసేశారంటే దాన్ని పట్టుకునే చట్రం, దానికి నూనె మోసే గొట్టాలు, దాన్ని చల్లబరిచే ఏర్పాటు, అన్నీ పోయినట్టే. బరువు తగ్గింది, ఖరీదు తగ్గింది, విప్పి బిగించడం తేలికైంది. నాట్‌ అనే చిన్న యుద్ధ విమానానికి, ఇటలీ వాళ్ల ఫియట్‌ జి-91కి ఈ ఇంజనే ప్రాణం. నాట్‌ కోసం హెచ్‌ఏఎల్‌ దీన్ని లైసెన్సు మీద బెంగళూరులోనే తయారుచేసేది. కాబట్టి మారుత్‌కు ఆర్ఫియస్‌ని ఎంచుకోవడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు. కార్మికులకు తెలిసిన ఇంజన్‌, విడిభాగాలు ఇంట్లోనే దొరికే ఇంజన్‌.

అయితే టాంక్‌ మనసులో ఉన్నది 703 కాదు. అదే కుటుంబంలో రాబోతున్న ఆర్ఫియస్‌ 12. మామూలుగా సుమారు 3,090 కిలోల థ్రస్ట్‌ (తోపు), రీహీట్‌ (తోక గొట్టంలో మళ్లీ ఇంధనం మండించే ఏర్పాటు) పెడితే 3,700 కిలోలు ఇవ్వాల్సిన ఇంజన్‌ అది. 703 ఇచ్చేది 2,200 కిలోలే. లెక్క వేసి చూడండి. మారుత్‌ మామూలు బరువు 8,950 కిలోలు. రెండు 703లు కలిసి 4,400 కిలోల తోపు. అంటే విమానం బరువులో సగానికి కూడా చాలదు. ఆర్ఫియస్‌ 12లు రెండైతే రీహీట్‌తో 7,400 కిలోలు. కొత్త ఇంజన్ల అదనపు బరువు కలుపుకున్నా, తోపు బరువులో ముప్పావుకు పైగానే తేలేది. ఇవి ఒకే విమానానికి రెండు స్థాయిలు కావు, రెండు వేరు విమానాలు. మొదటిదానికి సముద్రమట్టం దగ్గర గంటకు 1,112 కిలోమీటర్లు, పైన ఎత్తులో మాక్‌ 1.02, అంటే ధ్వని వేగం కన్నా కాస్త ఎక్కువ. అక్కడితో దాని దమ్ము అయిపోయింది.

ఆర్ఫియస్‌ 12ను బ్రిటన్‌ ప్రధానంగా నాటో తేలిక యుద్ధ విమానాల కోసం, నాట్‌ తర్వాతి రూపం కోసం తలపెట్టింది. వాటికి గిరాకీ లేదని తేలగానే డబ్బు ఆగిపోయింది. మిగతా ఖర్చు మీరు పెట్టుకుంటే పూర్తి చేస్తామన్నారు. ఢిల్లీ ఒప్పుకోలేదు. నా దృష్టిలో మారుత్‌ భవిష్యత్తు ఆ ఫైలు మీదే తేలిపోయింది. తర్వాత జరిగినవన్నీ ఆ ఒక్క కాదనడాన్ని సరిదిద్దుకోవడానికి పడిన పాట్లే. విమానానికి కోట్లు పెట్టినవాళ్లు ఇంజన్‌కు పెట్టడానికి వెనకాడటం వెనక ఒక ఆలోచన ఉంది: ఇంజన్‌ బజార్లో దొరికే వస్తువు, ఇది కాకపోతే ఇంకొకటి తెచ్చి బిగిస్తాం. అదే పెద్ద పొరపాటు.

ఎందుకంటే యుద్ధ విమానంలో ఇంజన్‌ మార్చడం మోటారు సైకిల్లో మార్చినట్టు ఉండదు. కొత్త ఇంజన్‌ చుట్టుకొలత పాతదానికన్నా నాలుగు వేళ్లు ఎక్కువైనా చాలు, బాడీలో దాని చుట్టూ ఉన్న ఉక్కు, అల్యూమినియం చట్రాలు మళ్లీ గీయాలి. ఆ చట్రాలకే రెక్క వెనక భాగం, తోక ఆనుకుని ఉంటాయి కాబట్టి బలాల లెక్కలన్నీ మొదటికొస్తాయి. ఇంజన్‌ పొడుగు పెరిగితే బరువు వెనక్కి జరుగుతుంది. అప్పుడు గరిమనాభి రెక్క ఎత్తుబలం పనిచేసే చోటు దాటకుండా ముందర బరువు పెట్టాలి, లేదా ఇంధన ట్యాంకుల అమరిక మార్చాలి. ఎక్కువ తోపు ఇచ్చే ఇంజన్‌ ఎక్కువ గాలి అడుగుతుంది. పక్కల గాలి నోళ్లు చిన్నవైతే ఇంజన్‌ ఆకలితో దగ్గుతుంది, పెద్దవైతే తక్కువ వేగంలో గాలి బయటికి పొంగి రాపిడి పెరుగుతుంది. జనరేటరు, హైడ్రాలిక్‌ పంపు నడిపే గేర్‌బాక్స్‌ పాతదానికి కింద ఉండి కొత్తదానికి పక్కన ఉంటే గొట్టాలు, వైర్లు, తనిఖీ తలుపులు అన్నీ చోటు మారాలి. మారుత్‌లో ఇంజన్లు రెండు, రెండూ పక్కపక్కనే. అంటే ప్రతి అంగుళం ఇబ్బందీ రెండింతలు.

ఈ కళ్లతో చూస్తే తర్వాతి ప్రయత్నాలు అర్థమవుతాయి. సోవియట్‌ ఆర్‌డి-9ఎఫ్‌ తెచ్చి చూశారు. కంప్రెసర్‌లో సర్జ్‌ వచ్చింది. అంటే లోపలికి వెళ్లాల్సిన గాలి ఒక్కసారిగా వెనక్కి తన్నడం. అది పక్కకు పోయింది. ఈజిప్టులో ఫెర్డినాండ్‌ బ్రాండ్నర్‌ అనే ఆస్ట్రియన్‌ ఇంజనీరు హెల్వాన్‌లో ఈ-300 అనే ఇంజన్‌ చేస్తున్నాడు. ఆ దేశానికి ఇంజన్‌ ఉంది, విమానం ఇంకా సిద్ధం కాలేదు. మనకు విమానం ఉంది, ఇంజన్‌ లేదు. ఒక మారుత్‌ను అక్కడికి పంపి, ఒక పక్క ఆర్ఫియస్‌, మరో పక్క ఈ-300 బిగించి 1967 మార్చిలో ఎగరేశారు కూడా. సరిగ్గా కుదిరే జోడీ. అదే ఏడాది జూన్‌లో ఇజ్రాయెల్‌తో యుద్ధం వచ్చింది. ఈజిప్టు ఖజానా ఖాళీ అయింది. 1969లో వాళ్ల ప్రయత్నం మొత్తం ఆగిపోయింది. టాంక్‌ 1967లోనే భారత్‌ వదిలి వెళ్లిపోయారు.

ఇక మిగిలింది ఉన్న ఆర్ఫియస్‌కే రీహీట్‌ తగిలించడం. ఈ భాగం గురించి ఎవరూ రాయరు కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను.

రీహీట్‌ అంటే టర్బైన్‌ దాటిన తర్వాత తోక గొట్టంలో మళ్లీ ఇంధనం చల్లి మండించడం. టర్బైన్‌ దాటి వచ్చే వాయువులో ఇంకా బోలెడు ఆక్సిజన్‌ మిగిలి ఉంటుంది, కాబట్టి మండుతుంది. కానీ వాయువు అతి వేగంగా పోతుంటే మంట నిలవదు, దీపం ఊదినట్టు ఆరిపోతుంది. అందుకని గొట్టాన్ని లావు చేసి వాయువును నెమ్మదింపజేయాలి. మంట పట్టుకుని ఉండటానికి ఇంగ్లిషు వి అక్షరం కోత ఉన్న ఉక్కు కమ్మీలు గుండ్రంగా అమర్చాలి. వాటి వెనక ఏర్పడే సుడిలో మంట కూర్చుంటుంది. గొట్టం గోడ కరిగిపోకుండా లోపల చిల్లుల పలక ఒకటి పెట్టి, గోడకు పలకకు మధ్య చల్లని గాలి పొర పారించాలి. మండిన వాయువు వ్యాకోచిస్తుంది కాబట్టి చివర నాజిల్‌ నోరు అదే క్షణంలో తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే ఒత్తిడి వెనక్కి తన్నుతుంది, టర్బైన్‌ వేడెక్కుతుంది, కంప్రెసర్‌ సర్జ్‌కు వెళ్తుంది. అందుకని మూత తెరిచే జాకులు, వాటికి హైడ్రాలిక్‌ లేదా గాలి ఒత్తిడి, ఇంధనం వాల్వుకూ నాజిల్‌ నోటికీ జత కుదిర్చే నియంత్రణ కావాలి. ఇన్ని చేశాక ఇంధనం ఖర్చు రెండింతలకు పైగా పెరుగుతుంది.

బెంగళూరు ఇంజనీర్లు ఇది సాధించారు. 703 తోపును సుమారు 18 శాతం పెంచారు. అంటే 2,200 నుంచి దాదాపు 2,600 కిలోలు. ఇంజన్‌ పరంగా గెలుపే. కానీ గొట్టాలు లావయ్యాయి, నాజిళ్ల నోళ్లు పెద్దవయ్యాయి, వాటి చుట్టూ తోకభాగమూ ఉబ్బింది. సన్నగా మూసుకుపోవాల్సిన తోక మొద్దుగా తేలింది. ధ్వని వేగం దగ్గర విమానానికి రాపిడి అమాంతం పెరిగేది ఇలాంటి చోటే. మొద్దు తోక వెనక గాలి పలుచబడి, విమానాన్ని వెనక్కి పీలుస్తుంది. రెండు నాజిళ్ల మధ్య సందులో సుడులు పుడతాయి. వచ్చిన 18 శాతంలో చాలా భాగాన్ని ఆ తోకే తినేసింది. సన్నటి 703 కోసం గీసిన తోకలో లావు గొట్టం పెట్టినందుకు చెల్లించిన ధర అది. ఆర్ఫియస్‌ 12 కోసమే మొదటి రోజు నుంచీ తోక గీసి ఉంటే ఈ బాధ లేదు. ఆ రీహీట్‌ మారుత్‌ పరీక్షల్లోనే 1970 జనవరి 10న గాల్లోకి లేస్తూ విమానం కూలి సురంజన్‌ దాస్‌ మరణించారు. మారుత్‌ను మొదటిసారి ఎగరేసిన మనిషే ఆయన. ఆయన పేరు బెంగళూరులో ఒక రోడ్డుకు ఉంది. పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటే బాగుండును.

ఇంజన్‌ కాని లోపాలూ ఉన్నాయి, దాచడం మర్యాద కాదు. ముక్కులో నాలుగు 30 మిల్లీమీటర్ల ఏడెన్‌ తుపాకులు, ఒక్కోదానికి 120 గుండ్లు. కాగితం మీద భయంకరమైన శక్తి. నాలుగూ ఒకేసారి పేలిస్తే ముక్కు అదిరే అదురుకు విమానంలోని వ్యవస్థలు తట్టుకోలేకపోయేవి. మామూలుగా రెండింటినే వాడేవాళ్లు. ఇలాంటివి ఏ కొత్త విమానంలోనైనా ఉంటాయి. రెండో రూపం, మూడో రూపం వస్తూ పోతే ఒక్కొక్కటీ సర్దుకుంటాయి. మారుత్‌కు ఆ రెండో రూపమే రాలేదు.

రాకపోవడానికి ఇంకో కారణం మన దగ్గరే ఉంది, దీన్ని మీ వ్యాసం తాకలేదు. 1962లో మిగ్‌-21 కొనుగోలు, తయారీ ఒప్పందం కుదిరింది. నాసిక్‌లో విమానం, కోరాపుట్‌లో ఇంజన్‌, మన హైదరాబాద్‌ బాలానగర్‌లో ఎలక్ట్రానిక్‌ పరికరాలు. బాలానగర్‌ హెచ్‌ఏఎల్‌ పుట్టిందే ఆ పనికి. ఈ నగరానికి అది ఎంతో మేలు చేసింది, కాదనను. కానీ మారుత్‌ చేయాల్సిన ఎత్తైన ఆకాశంలో అడ్డుకునే పని ఆ రోజే మిగ్‌ చేతిలోకి పోయింది. తర్వాత 1968 నుంచి నేలదాడి కోసం సోవియట్‌ సుఖోయ్‌-7లు కొన్నారు. అంటే మారుత్‌కు మిగిలిన రెండో పనికీ పోటీదారు వచ్చి కూర్చున్నాడు. విమానం అక్కర ఉన్నవాడు లేనప్పుడు దాని ఇంజన్‌ కోసం ఎవరు కొట్లాడతారు? ఫలితంగా శిక్షణ రకాలతో కలిపి మొత్తం 147 విమానాలే తయారయ్యాయి. మూడు స్క్వాడ్రన్లకు సరిపోయేన్ని. 147 విమానాల కోసం ప్రత్యేకంగా ఒక ఇంజన్‌ను మొదటి నుంచి రూపొందించడం ఏ ఆర్థికశాఖ అధికారీ ఒప్పుకోని లెక్క. 500 విమానాల మాట ముందే ఇచ్చి ఉంటే ఆ లెక్క ఇంకోలా ఉండేది.

ఇంత బలహీనమైన ఇంజన్‌తోనే 1971 డిసెంబరులో ఈ విమానాలు ఉత్తర్లాయ్‌, జోధ్‌పూర్‌ల నుంచి లేచాయి. రెండు వారాల్లో 300కు పైగా దాడులు చేశాయి. నేల మీంచి కొట్టిన తుపాకులకు కొన్ని పోయాయి గానీ, గాల్లో శత్రు విమానం చేతిలో ఒక్క మారుత్‌ కూడా కూలలేదు. డిసెంబరు 7న 220 స్క్వాడ్రన్‌కు చెందిన స్క్వాడ్రన్‌ లీడర్‌ కె.కె.బక్షి మారుత్‌ తుపాకులతో పాకిస్తాన్‌ సేబర్‌ యుద్ధ విమానం ఒకదాన్ని కూల్చారు. ఒక ఇంజన్‌ దెబ్బతిన్నా రెండోదానితో ఇంటికి చేరిన సందర్భాలున్నాయి. టాంక్‌ రెండు ఇంజన్లు పెట్టడం ఎంత మంచిదో అక్కడ తెలిసింది. తక్కువ ఎత్తులో, ఎడారి వేడిగాలి కుదుపుల్లో, ఆ విమానం పట్టాల మీద రైలులా నిలకడగా పోయేదంటారు. బరువైన చట్రం, చిన్న రెక్క. రెక్క విస్తీర్ణం 28 చదరపు మీటర్లే, అంటే చదరపు మీటరుకు 320 కిలోలు. గాలి గుంటలు అలాంటి రెక్కను పెద్దగా కుదపలేవు. గురి చెదరకుండా ఉండేది అందుకే.

యుద్ధం తర్వాతైనా ఈ అనుభవంతో ముందుకు పోవాల్సింది. జర్మన్‌ కంపెనీ ఎంబీబీతో కలిసి హెచ్‌ఎఫ్‌-73 అనే కొత్త రూపం గీశారు. టొర్నాడో అనే యూరప్‌ యుద్ధ విమానం కోసం తయారవుతున్న ఆర్‌బి-199 ఇంజన్‌ దానికి అనుకున్నారు. అది మూడు దేశాల ఉమ్మడి ఇంజన్‌, అప్పటికి ఇంకా పరీక్షల్లోనే ఉంది. మళ్లీ అదే కథ: ఇంకొకరి విమానం కోసం, ఇంకొకరి డబ్బుతో పుడుతున్న ఇంజన్‌ను మన గీతలో పెట్టుకోవడం. అది కుదరలేదు. 1978లో జాగ్వార్‌ అనే విదేశీ విమానాన్ని ఎంచుకున్నారు. మారుత్‌ స్క్వాడ్రన్లు 1980ల్లో ఒక్కొక్కటే మూతపడ్డాయి.

తేజస్‌కు, మారుత్‌కు మీ వ్యాసం పెట్టిన పోలికలో ఒక సవరణ అవసరం. తేజస్‌కు ఇంజన్‌ ఉంది, సమయానికి రావడం లేదు. అది సరఫరా సమస్య. మారుత్‌కు ఇంజనే పుట్టలేదు. మారుత్‌తో నిజంగా పోల్చాల్సింది తేజస్‌ కోసం మన దేశంలోనే తలపెట్టిన కావేరి ఇంజన్‌ను. దాన్ని 2008లో తేజస్‌ నుంచి విడదీశారు. కావేరి కోసం హైదరాబాద్‌ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్‌ టర్బైన్‌ రెక్కల మీద చేసిన పని ఆగలేదు. లోహం గట్టిపడేటప్పుడు రేణువులన్నీ ఒకే దిశలో పెరిగేలా, ఆ తర్వాత రెక్క మొత్తం ఒకే స్ఫటికంగా ఏర్పడేలా పోత పోయడం అక్కడే నేర్చుకున్నారు. పక్కనే ఉన్న మిధాని అవసరమైన మిశ్రలోహాలు కరిగిస్తుంది. 1960లో ఈ రెండూ లేవు. ఆర్ఫియస్‌ 12 ఖర్చు భరించి ఉన్నా, దాని టర్బైన్‌ లోహం బ్రిటన్‌ నుంచే రావాల్సి వచ్చేది. ఇప్పుడు కొత్త యుద్ధ విమానానికి ఇంజన్‌ ఒప్పందాలు రాసుకునేటప్పుడు చూడాల్సింది థ్రస్ట్‌ అంకె ఒక్కటే కాదు. రెక్కల పోత, కంప్రెసర్‌ డిస్కు ఫోర్జింగ్‌, వేడి భాగాల పూత, ఇంధన నియంత్రణ కోడ్‌, ఈ నాలుగూ ఎవరి చేతిలో ఉంటాయో మీ విలేకరులు అడగాలి.

వీలైతే ఎవరినైనా బెంగళూరు హెచ్‌ఏఎల్‌ మ్యూజియానికి పంపండి. అక్కడ మారుత్‌ నిలబడి ఉంది. అందరూ ముక్కు దగ్గర ఫొటో దిగుతారు. మీవాళ్లను వెనక్కి వెళ్లి తోక దగ్గర నిలబడమనండి. పక్కపక్కనే రెండు చిన్న గుండ్రటి నోళ్లు, వాటి చుట్టూ బిగుతుగా మూసుకున్న లోహం కనిపిస్తాయి. అక్కడ వేలెడు ఖాళీ కూడా లేదు. ఆ ఫొటో వేసి, కింద ఈ వివరాల్లో నాలుగు ముక్కలైనా ప్రచురించాలని నా విన్నపం.

ఇట్లు,
మీ పాఠకుడు,
హైదరాబాద్‌